శామీర్‌పేట చెరువులో జర్మన్ జలాంతర్గామి

మచ్చ బొల్లారం నుంచి శామీర్‌పేటకు బండి మీద గంట కూడా పట్టదు. నాకు రెండు రోజులు పట్టింది. దారిలో కొండలు లేవు, లోయలు లేవు, దొంగలూ లేరు. నా వెంట ఒక జర్మన్ జలాంతర్గామి ఉంది, అంతే. మీలో చాలామంది శామీర్‌పేటకు వెళ్లే ఉంటారు. వేయించిన చేపలు తిని, కట్ట మీద ఫొటో దిగి వచ్చే ఉంటారు. జలాంతర్గామితో మాత్రం వెళ్లి ఉండరు. అలా వెళ్లనివాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

జలాంతర్గామి నాకెక్కడిదని అడుగుతారు. మా ఇంటి గేటు చేసిన వెల్డర్ సత్తయ్యది గౌడవెల్లి. అతని కూతురు స్రవంతి కండ్లకోయ దగ్గర ఇంజినీరింగ్ ఆఖరు సంవత్సరం చదువుతోంది. రెండో ప్రపంచ యుద్ధంలో తిరిగిన ఒక జర్మన్ జలాంతర్గామి నమూనాను చేసింది. అది మునిగి తిరిగి తేలడం వీడియో తీసి, సోమవారం పొద్దున పది గంటలకు కాలేజీలో చూపించాలి. చూపించకపోతే ప్రాజెక్టు లేనట్టే, డిగ్రీ ఆరు నెలలు వెనక్కి పోయినట్టే. ఇంటి దగ్గర సంపులో ఒకసారి ప్రయత్నించారు. అడుగు తగిలి, గేదె పడుకున్నట్టు పక్కకు ఒరిగింది. లోతైన నీళ్లు కావాలి. సత్తయ్యకు ఫ్యాక్టరీలో సెలవు ఉండేది ఆదివారం ఒక్కటే.

ఇందులో నా పని చరిత్ర రాయడం. నమూనా పక్కన ఆ ఓడ యుద్ధంలో ఏమేం చేసిందో రాసిన బోర్డు పెట్టాలట. సత్తయ్యకు తెలిసిన రచయితను నేనొక్కడినే.

"సారు, మీ గేటు మీద నేనేసిన పూలు లెక్క రాయాలె" అన్నాడు.

స్రవంతి రెండు పేజీల కాగితాలు ఇచ్చింది. నేను వాటిని ఆరడుగుల ఫ్లెక్సుగా పెంచి, ప్రింటు తీయించి, చుట్టచుట్టి చంకలో పెట్టుకున్నాను. చెరువు దగ్గర విప్పి తండ్రీకూతుళ్లను ఆశ్చర్యంలో ముంచేద్దామనుకున్నాను.

కండ్లకోయ: పసుపు బస్సుల సముద్రం

శనివారం మధ్యాహ్నం ఖాజా ట్రాలీ ఆటోలో బయలుదేరాం. ఖాజా మా అల్వాల్ వైపు ఫ్రిజ్‌లూ బీరువాలూ మోసే మనిషి. మాట తక్కువ, హారన్ ఎక్కువ.

"సామాన్ ఏంది సాబ్?"

"జలాంతర్గామి. నీళ్ల కింద పోయే యుద్ధ ఓడ."

ఖాజా బండి ఆపలేదు. "గాజు సామాన్ అయితే ముందే జెప్పాలె. రేటు వేరే ఉంటది" అన్నాడు.

హైవే మీద ఒక గుంతలో ముందు చక్రం పడినప్పుడు నేను సీటులోంచి లేచి, ఆకాశంలో కాసేపు ఉండి, గండిపేట నీటిమట్టం చూసుకుని మళ్లీ సీట్లోకి వచ్చాను. కండ్లకోయ దగ్గర కాలేజీ బస్సులు వదిలే సమయం. మా కాలనీలో ఒక్క స్కూలు బస్సు వస్తేనే వీధి వీధంతా గోడలకు అతుక్కుంటుంది. ఇక్కడ పసుపు బస్సులు నాలుగు దిక్కులా అలలు అలలుగా వస్తున్నాయి. ఐటీ పార్కు పక్కన చాయ్ తాగాను. ఇరవై రూపాయలు. కప్పు ఎంతంటే, చీమ ఈత నేర్చుకోవచ్చు గాని ఈదలేదు. మా మచ్చ బొల్లారంలో పది రూపాయల చాయ్‌తో ఇద్దరు స్నేహితులు విడిపోయి మళ్లీ కలుసుకోవచ్చు.

స్రవంతి ఒక బ్యాటరీ, ఒక చిన్న పంపు, ముప్పై మీటర్ల వైరు చుట్ట పట్టుకుని వచ్చింది. సన్నగా, చిన్నగా ఉంటుంది, చూపు మాత్రం కొలత టేపు లాంటిది. ట్రాలీలో నా పక్కన ఇరుక్కుని కూర్చుంది.

"అంకుల్, బోర్డు అయిందా?"

"అయిందా అంటావేంది తల్లీ! చదివినోళ్లు చలికి వణుకుతరు."

గౌడవెల్లి వచ్చేదాకా ఆ అమ్మాయి అసలు కథ చెప్పింది. ఆ ఓడకు పేరు లేదు. ఒక అక్షరం, పక్కన మూడంకెలు, అంతే. హాంబర్గ్‌లో పుట్టింది. నార్వే ఓడరేవుల్లో మకాం వేసి, రష్యాకు సరుకులు తీసుకుపోయే ఓడల కోసం మంచు సముద్రంలో కాపుకాసింది. తొమ్మిదిసార్లు వేటకు వెళ్లింది. యుద్ధం అయిపోయాక నార్వేవాళ్లు దాన్ని కొన్నేళ్లు వాడుకుని జర్మనీకి తిరిగిచ్చారు. ఇప్పుడు ఒక సముద్రపు ఒడ్డున ఇసుకలో నిలబెట్టారు. జనం టికెట్టు కొని ఒక వైపు నుంచి దూరి, ఇంకో వైపు నుంచి నడుం పట్టుకుని బయటికొస్తారట.

"ముంచినయి ఎక్కువ చిన్నయే అంకుల్. ఒకటే పెద్దది" అంది.

నేను చిరునవ్వు నవ్వాను. అందుకే కదా చరిత్రకు రచయితలు కావలసింది.

గౌడవెల్లి: కిటికీలోంచి పుట్టిన ఓడ

సత్తయ్య అప్పుడే డ్యూటీ దిగి వచ్చాడు. వాళ్లింటి వెనక గదిలో మొదటిసారి దాన్ని చూశాను. టేపు పెడితే ఎనిమిది అడుగులు. నా కళ్లకు ఎనభై. బూడిద రంగు, కడుపు కింద రెక్కలు, నడుం మీద చిన్న గోపురం, దాని పక్కన ఒక తుపాకీ, ముందు ముక్కు మొసలిదాని లాగ. ఫ్యాక్టరీ డ్యూటీ అయ్యాక మూడు నెలలు కూర్చుని చేశాడట. వానకు తడవకూడదని లోపలే చేశాడు. లోపలే అతుకులు పెట్టాడు. లోపలే రంగేశాడు. చూసి చూసి మురిసిపోయాడు.

ఒక్క సంగతి మాత్రం అతనికి గుర్తురాలేదు. ఆ గది తలుపు తీస్తే బయట మూడడుగుల సందు, ఎదురుగా పక్కింటి ప్రహరీ. ఎనిమిది అడుగుల ఓడ అక్కడ తిరగదు.

మేం తిప్పాం. ముందు ముక్కు పెట్టాం, గోడకు కొట్టుకుంది. వెనక్కి తెచ్చి తోక పెట్టాం, గోపురం చౌకట్టుకు తట్టుకుంది. నిలబెట్టాం, రేకుల కప్పు అడ్డం వచ్చింది. ఖాజా దాని కిందికి దూరాడు, నేను పైనుంచి సలహాలిచ్చాను. సత్తయ్య భార్య బాలమణి గడపలో చేతులు కట్టుకుని మొత్తం యుద్ధం చూసింది.

"మూడు నెలల సంది నేను అనుకుంటనే ఉన్న. గిది బయటికెట్ల పోతదా అని" అంది.

"మరి చెప్పకపోతివి?" అన్నాడు సత్తయ్య.

"నువ్వు అడగకపోతివి. గంత పెద్ద మిస్త్రివి, నీకు ఎరుకే ఉంటదనుకున్న."

ఇక మిగిలింది అవతలి గోడకు, ఖాళీ జాగా వైపు ఉన్న కిటికీ. దానికి ఇనుప గ్రిల్లు. ఆ గ్రిల్లు మధ్యలో సన్నటి కడ్డీలు వంచి 'స్రవంతి' అని అక్షరాలు అతికి ఉన్నాయి. పాప పుట్టిన ఏడాది చేసిన గ్రిల్లట. సత్తయ్య గ్రైండర్ తెచ్చాడు. స్రవంతి "నాయినా, వద్దు, గోపురం కోసెయ్. మళ్లీ అతికిస్తం" అంది.

"గోపురం కోస్తే నీళ్లు పోతయి లోపటికి. రేపు మునిగితే ఎవలు తీస్తరు?" అని, కళ్లద్దాలు సర్దుకుని, గ్రిల్లు కోయడం మొదలుపెట్టాడు. నిప్పురవ్వలు దీపావళి చేశాయి. అక్షరాలను మాత్రం జాగ్రత్తగా ఒక ముక్కగా కోసి, తుడిచి, గోడకు ఆనించి పెట్టాడు. జలాంతర్గామి కిటికీలోంచి ముక్కు బయటపెట్టి లోకాన్ని చూసింది.

అప్పటికి పొద్దు వాలింది. నన్నూ ఖాజానూ అక్కడే ఉండమన్నారు. జొన్నరొట్టె, పుంటికూర పప్పు, పచ్చి ఉల్లిగడ్డ. మా ఇంట్లో రెండు చపాతీలకే మా ఆవిడ నా నడుం వంక చూస్తుంది. బాలమణి రొట్టెలు లెక్కపెట్టనివ్వదు. ఆమె చేతికీ నా పళ్లేనికీ మధ్య ఏదో గొట్టం వేసినట్టు రొట్టెలు వస్తూనే ఉన్నాయి. ఆరో రొట్టె తర్వాత నేనూ మునిగే స్థితికి వచ్చాను.

మేడ్చల్: బొట్టు పెట్టించుకున్న యుద్ధనౌక

ఆదివారం పొద్దున మేడ్చల్ చేరేసరికి మా ట్రాలీ వెనక మూడు బైకులు, ముందు ఒక కుక్క కాన్వాయ్‌గా ఏర్పడ్డాయి. మిర్చి బజ్జీల బండి దగ్గర ఆగాం. నాలుగు బజ్జీలు ముప్పై రూపాయలు, కారం ఉచితం. ఆ కారానికి నా చెవుల్లోంచి పొగ వచ్చింది. ఖాజా దానితో బీడీ వెలిగించుకోవచ్చు.

ఐదు నిమిషాల్లో జనం చేరారు. ఒకాయన రాకెట్టు అన్నాడు. ఇంకొకాయన బోరు మోటారు, ఈ మధ్య ఇంతంత పెద్దవి వస్తున్నాయన్నాడు. ఒక కానిస్టేబుల్ వచ్చి వేలితో తట్టి చూశాడు.

"ఏముంది లోపట?"

"గాలి సార్" అంది స్రవంతి. "నీళ్లలకు పొయినంక నీళ్లు."

"మరి గీ తుపాకీ?"

"అది గడ్డపార ముక్క సార్" అన్నాడు సత్తయ్య గర్వంగా.

ఆయన తన ఫోను నా చేతికిచ్చి, జలాంతర్గామి పక్కన నిలబడి ఫొటో తీయించుకుని పొమ్మన్నాడు. ఈలోగా కూరగాయలకొచ్చిన ఒక అవ్వ గుంపును చీల్చుకుని వచ్చి, ఇదేదో ఊరేగింపని నమ్మి, దాని ముక్కు మీద ఇంత కుంకుమ పెట్టి దండం పెట్టుకుంది. హిట్లర్ సేన చేసిన ఓడలకు ఎన్నో పతకాలు దక్కి ఉండవచ్చు. ఈ మర్యాద దేనికీ దక్కలేదని నేను బల్లగుద్ది చెప్పగలను.

శామీర్‌పేట: చెరువుకు చెప్పుకోవడం

శామీర్‌పేటలో ముందు భోజనం. రోడ్డు పక్క పెనం మీద బొచ్చె చేప ముక్కలు, పసుపు కారం అల్లం పట్టించి వేయిస్తున్నారు. చేప ఎంత తాజా అంటే, ముక్క నోట్లో పెట్టుకోగానే ఇంకా చెరువు వైపే ఈదబోయింది. సత్తయ్య ముట్టలేదు. తేలాక తింటానన్నాడు. స్రవంతి పంపు స్విచ్చు నొక్కి చూసుకుంటూనే ఉంది.

కట్ట దిగి నీళ్ల దగ్గరికి పోయాం. ఐదారుగురు మత్స్యకారులు వలలు బాగుచేసుకుంటున్నారు. అందరిలో పెద్దాయన పోచయ్య. మొహం మీద ఎండ గీసిన గీతలే తప్ప ఖాళీ లేదు. చేపల సంఘం వాళ్లదే కాబట్టి వాళ్లు ఊ అనకుండా చెరువులో ఏదీ దించలేం.

"గిదేంది?" అన్నాడు పోచయ్య.

"పడవనే పెద్దయ్యా. నీళ్ల కిందికెల్లి పోతది" అన్నాడు సత్తయ్య.

"కిందికి పొయ్యేటందుకు పడవెందుకు? రాయి సాలు గద."

వలల దగ్గర నవ్వులు. స్రవంతి ఓపికగా అంతా వివరించింది. రేపటి పది గంటల సంగతీ చెప్పింది. పోచయ్య విని తలూపాడు.

"సదువుకునే పిల్లవు, దించుకో బిడ్డా. కని, సెరువుల కొత్త పడవ దిగాల్నంటే దాని సంగతి సెరువుకు సెప్పాలె. నీళ్లల నిలవడి సెప్పాలె. ఎవలు జేసిండ్రు, ఏడికెల్లొచ్చింది, దానివల్ల ఎవలన్న పోయిండ్రా, అన్ని. దాసిపెడ్తే గా పడవల ఎవ్వలం కాలు వెట్టం."

పక్కన ఒడ్డు మీద ఒక పుట్టి, బుట్టలాంటి గుండ్రటి పడవ, బోర్లించి ఉంది. దాని కింద కోళ్లు ముడుచుకుని ఉన్నాయి. వేరే ఊరి నుంచి కొన్నప్పుడు, దాంట్లోంచి పడి ఒక మనిషి పోయిన సంగతి అమ్మినవాడు దాచాడట. తెలిసిన రోజు నుంచి అది కోళ్లగూడు అయింది.

నేను ఎన్నో ఊళ్ల ఆచారాలు చూశాను గాని ఇలాంటిది చూడలేదు. మా మచ్చ బొల్లారంలో బండి కొంటే నిమ్మకాయలు తొక్కిస్తాం, కొబ్బరికాయ కొడతాం. పాత బండి అమ్మేటప్పుడు దానికైన యాక్సిడెంట్ గురించి ఒక్క ముక్క చెప్పం. ఇక్కడ నీళ్లకే చెబుతున్నారు.

"ఎవలు సెప్తరు మరి?" అన్నాడు పోచయ్య.

అందరూ నా వైపు చూశారు. నాకోసమే పుట్టిన ఘడియ అది. ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, నీళ్లలోకి దిగి, ఫ్లెక్సు విప్పాను. ఖాజా ఒక అంచు, సత్తయ్య ఒక అంచు పట్టుకున్నారు.

చదివాను. ఉత్తర సముద్రాల మృగరాజు అన్నాను. అది తల ఎత్తితే మంచుకొండలు దారి ఇచ్చేవన్నాను. తొమ్మిది వేటలు తొంభై అయ్యాయి. పెద్ద ఓడ పర్వతం అయింది, చిన్నవి గుట్టలయ్యాయి. వలలు పక్కకు పెట్టి అందరూ దగ్గరికి జరిగారు. ఒకతను ఈల వేశాడు. నా గొంతు చెరువు అవతలి ఒడ్డుకు పోయి కొంగలను లేపింది. "ఆ చలికాలపు ఆఖరి వేటలో ఎదురైన రాక్షస నౌకను ఒకే ఒక్క గుటకలో మింగేసింది!" అని ముగించి నుదురు తుడుచుకున్నాను.

పోచయ్య గడ్డం గోక్కున్నాడు. "గా ఆఖరుది, ఎంతుంటది సారు?"

"ఈ చెరువుకు సగం ఉంటది" అన్నాను, తగ్గించే.

"ఏం సామాన్ మోస్తుండె అది?"

నేను గాలి పీల్చుకునేలోగా స్రవంతి ఫైలు తెరిచింది. ఫ్లెక్సు వంక చూసింది, కాగితం వంక చూసింది.

"అది రాక్షస నౌక కాదు తాతా" అంది. "చేపల పడవ."

పోచయ్య ఒక అడుగు ముందుకు వేశాడు.

"సేపల పడవనా?"

"అవు తాతా. రష్యావోళ్లది. చిన్నది. ఆఖరి వేట గూడ కాదు అది. నడుమల."

"ఎంతమంది ఉండిరి అండ్ల?"

"దొరకలే. మస్తు దేవులాడిన. పడవ ఎన్ని టన్నులో రాసిండ్రు. మనుషులను రాయలే."

పోచయ్య నా వైపు తిరిగాడు. కోపం లేదు. అదే కష్టమైంది. "నీకు ఎరుకేనా సారు?"

ఎరుకే. స్రవంతి కాగితాల్లో అడుగున రెండే రెండు మాటలు. చేపల పడవ. అంత పెద్ద ఓడ చరిత్రలో అంత చిన్న పడవ ఏం బాగుంటుందని నేనే పెంచాను.

"ఎరుకే" అన్నాను.

"మరి ఎందుకు మార్సినవు?"

"చిన్నగుంటే బాగుండదని."

"ఎవలికి?"

నేను మాటల మనిషిని. మా కాలనీ మీటింగులో మంచినీళ్ల గురించి గంటన్నర మాట్లాడి, అందరికీ దాహం తెప్పించినవాణ్ణి. ఆ ఒక్క మాటకు మాత్రం వంగి, మడిచే ఉన్న ప్యాంటును మళ్లీ మడిచాను.

వెనక కూర్చున్న ఒకతను లేచాడు. "అన్నా, గీ ముచ్చట మనకొద్దు. మనసొంటోళ్లను ముంచినదాన్ని మన సెరువుల దించుడేంది?"

సత్తయ్య ఫ్లెక్సు అంచు వదిలేశాడు. కిటికీ కోసినప్పుడు కూడా మారని మొహం ఇప్పుడు మారింది. "పెద్దయ్యా, ఇది ఉత్త రేకు. నేను చేసిన. దీనికేం తెల్వది. పిల్లకు ఆర్నెల్లు పోతయి."

"పిల్లనేమంటం? పిల్ల దాయలే" అన్నాడు పోచయ్య. కాసేపు జలాంతర్గామినీ, దాని ముక్కు మీద కుంకుమనూ చూశాడు. "సారు, గా బట్ట అవతల పెట్టు. మల్ల సెప్పు. సేపల పడవకెల్లి మొదలువెట్టు."

ఫ్లెక్సు చుట్టేశాను. చెరువు వైపు తిరిగాను. నీళ్లు మోకాళ్ల దగ్గర చల్లగా ఉన్నాయి. నేను చెప్పింది ఇంతే:

"ఇది ఒక జర్మన్ ఓడకు బొమ్మ. అసలుది ఒక చేపల పడవను ముంచింది. చలికాలం. అందుల ఎంతమంది ఉన్నరో మాకు తెల్వది. పేర్లు తెల్వయి. ఇంకా కొన్ని ఓడలను గూడ ముంచింది. ఇప్పుడది ఒడ్డు మీద ఉన్నది, నీళ్లలకు పోదు. ఈ బొమ్మను సత్తయ్య చేసిండు, గౌడవెల్లి. బిడ్డ సదువు కోసం."

నా జీవితంలో ఇంత చిన్నగా ఎప్పుడూ మాట్లాడలేదు. పోచయ్య వంగి, దోసిట్లో నీళ్లు తీసుకుని, జలాంతర్గామి వీపు మీద చల్లాడు.

"ఇగ దించురి."

మునగడం, తేలడం

నలుగురు మత్స్యకారులే చేయివేసి లోతు దాకా నడిపించారు. లేచి వద్దన్నతను ముందు పట్టుకున్నాడు. సత్తయ్య ఫోనుతో వీడియో మొదలుపెట్టాడు. స్రవంతి స్విచ్చు నొక్కింది. పంపు గుర్రుమంది. రెక్కలు మునిగాయి, వీపు మునిగింది, గోపురం మునిగింది. నాలుగు బుడగలు వచ్చాయి. ఆ తర్వాత చెరువు ఏమీ ఎరగనట్టు ఉండిపోయింది.

స్రవంతి రెండో స్విచ్చు నొక్కింది. ఏమీ లేదు. మళ్లీ నొక్కింది. వైరు సన్నగా వణికింది గాని నీళ్లు కదలలేదు. సత్తయ్య ఫోను పట్టుకున్న చేయి కిందికి దిగిపోయింది. ఆ అమ్మాయి వైరు అతుకులు ఒక్కొక్కటీ నొక్కి చూసింది. నేను కూడా, చెప్పుకోవడానికి సిగ్గేం లేదు, దేవుళ్లందరికీ ఆరడుగుల ఫ్లెక్సంత మొక్కులు మొక్కాను.

ఎవరూ అడగలేదు, పోచయ్య తన పుట్టి ఎక్కాడు. కొక్కెం కర్ర అందుకుని వైరు వెంబడి నడుపుకుంటూ పోయాడు. "ఎవలదన్న గాని, మునిగింది తీసుడు మా పని" అన్నాడు, ఎవరికో కాదు, గాలికి. అక్కడికి చేరి, వైరును కర్రతో ఒక్కసారి పైకి లాగాడు. నాచు పట్టుకున్నట్టుంది, ఆ నాచు తెగింది. పంపు శబ్దం ఒడ్డుదాకా వినిపించింది. ముందు గోపురం, తర్వాత వీపు, నీళ్లు కారుస్తూ పైకి వచ్చింది.

నేను చప్పట్లు కొట్టబోయాను. ఎవరూ కొట్టడం లేదు. చేతులు జేబులో పెట్టుకున్నాను.

పోచయ్య పుట్టిలో నిలబడి దాని మీది నాచు ఒక్కొక్క పోగూ తీసేశాడు.

"ఇది ఒచ్చింది" అన్నాడు. చేతిలోని నాచు నీళ్లలో వదిలి, "ఆళ్లు రాలే" అన్నాడు.

స్రవంతి మెల్లగా అడిగింది. "తాతా, ఇంకోసారి దించొచ్చా? నాయిన చెయ్యి కిందికిపాయె. వీడియోల అంత బురదే వచ్చింది."

"దించుకో బిడ్డా. ఈడనే ఉంట."

మరో మూడుసార్లు మునిగింది, మూడుసార్లు తేలింది. మూడోసారికి సత్తయ్య చేప తిన్నాడు. ఒకటి కాదు, ఆరు ముక్కలు.

సోమవారం ప్రాజెక్టు గట్టెక్కింది. నా ఫ్లెక్సు మాత్రం కాలేజీ గేటు దాటలేదు. దాని బదులు స్రవంతి ఒక తెల్ల చార్టు మీద తన చేత్తో రాసిన చరిత్ర పెట్టింది. పన్నెండు వాక్యాలు. వాటిలో నాది ఒక్కటీ లేదు. ఆ చార్టు నా పర్యవేక్షణలో తయారైందని మా కాలనీలో చెప్పుకుంటున్నాను, అది వేరే విషయం.

చార్టు మొదటి వాక్యం చేపల పడవ. రెండోది, అందులోని మనుషుల పేర్లు మాకు దొరకలేదని. పరీక్షకు వచ్చిన లెక్చరర్ అది చూసి, ముంచినవాటిలో అన్నిటికన్నా చిన్నదాన్ని ముందెందుకు రాశావని అడిగాడట.

"చెరువుకు అట్లనే చెప్పినం సార్" అందట స్రవంతి. "ఇక్కడ వేరేగ రాయలేను."